డైపర్ల ధర గురించి, మన అంగడి నుంచి

బెంగళూరు మారతహళ్ళిలో మన అంగడికి వచ్చే అమ్మలకు, నాన్నలకు, మనవళ్ళ కోసం వచ్చే అవ్వలకు నమస్కారం.

2025 సెప్టెంబర్ 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: "ఏడు శాతం తగ్గితే 700 ప్యాక్ మీద 49 రూపాయలు తగ్గాలి కదన్నా, 44 తగ్గించారేంటి?" న్యాయమైన ప్రశ్నే. ఆ 700లో పన్ను కలిసే ఉంది. అసలు వెల 625, పన్ను 75. ఇప్పుడు అదే 625 మీద 5 శాతమంటే 31 రూపాయల పావలా. మొత్తం 656 పావలా. ఆ పావలా కూడా వదిలేసి 656కే ఇస్తున్నాం.

విడిగా అమ్మే డైపర్ల విషయంలో మాత్రం తప్పు నాదే. ప్యాక్ కొనలేనివాళ్ళు, ముఖ్యంగా పక్క బిల్డింగ్ పనికి వచ్చిన కుటుంబాలు, ఒకటీ రెండూ తీసుకుంటారు. ఒక సాయంత్రం ఆదోని వైపు నుంచి వచ్చిన ఒకమ్మ, చంకలో బిడ్డతో, రెండు పది నోట్లు బల్ల మీద పెట్టింది. "రేపు టీకా ఉందన్నా, బస్సులో పోవాల. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి." అలవాటుగా 20 తీసుకున్నా. షట్టర్ దించాక లెక్కేస్తే కొత్త పన్నుతో ఒక్కోటి 9 రూపాయల 37 పైసలు! ప్యాక్ వాళ్ళకి మొదటి రోజే తగ్గించి, ఈ అమ్మల దగ్గర పది రోజులు పాత ధరే తీసుకున్నా. చాలా బాధనిపించింది.

నన్నడిగితే ఆ 5 శాతం కూడా ఉండకూడదు. తాజా పాల మీద పన్ను లేదు. అదే సెప్టెంబర్ 22 నుంచి ఫ్రిజ్ లేకున్నా చాలా రోజులు నిలవుండే యూహెచ్‌టీ పాల మీదా తీసేశారు. ఆ పాలు పట్టే సీసాకి, నిపుల్‌కి మాత్రం 12 నుంచి 5కి దించి ఆపేశారు. పాలు అవసరమైన బిడ్డకి సీసా అక్కర్లేదా?

అయితే ఉత్త మినహాయింపు ఇస్తే ఒక చిక్కుంది. ఇప్పుడు హోల్‌సేల్‌లో కట్టిన పన్నుని మేము కట్టాల్సిన దాంట్లో సర్దుకుంటున్నాం. మినహాయింపు వస్తే ఆ వెసులుబాటు పోతుంది. అంగట్లో ఉన్న సరుకు మీద కట్టింది మా నెత్తినే పడుతుంది, కంపెనీ ముడిసరుకు మీద కట్టింది ధరలో కలుస్తుంది. అందుకే 656 నేరుగా 625 కాదు. 2018 జులైలో శానిటరీ న్యాప్‌కిన్ల మీద 12 శాతం ఎత్తేసినప్పుడూ ఈ మాటే వచ్చింది. ఎగుమతిదారులకైతే అమ్మకం మీద పన్ను ఉండదు, ముందు కట్టింది కూడా వెనక్కొస్తుంది. చంటిపిల్లల సరుకులకీ అదే పద్ధతి కావాలి. ఈ పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రాల మంత్రులూ కూర్చుంటారు కాబట్టి, మీ ఎమ్మెల్యే కనబడితే ఈ మాట చెవిన వేయండి.

ప్యాక్‌ల మీద మిగిలేది తక్కువ, ఆ 5 శాతం నేను భరించలేను. సీసాలు, నిపుల్స్ మీద మాత్రం ఈ రోజు నుంచి ఆ పన్ను అంగడే భరిస్తుంది. విడి డైపర్ 9 రూపాయలు. ఆ పది రోజుల్లో విడిగా కొన్నవాళ్ళు డైపర్‌కి రూపాయి చొప్పున వెనక్కి తీసుకోండి. బిల్లు అక్కర్లేదు, ఎన్ని కొన్నారో చెబితే చాలు.