మా వాయిద్యాలను మళ్లీ మా చేతుల్లో పెట్టిన మీ అందరికీ

నిన్న శనివారం రాత్రి మా బ్యాండ్ మళ్లీ స్టేజీ ఎక్కింది. ఎల్లుండే మార్డీ గ్రా, అంటే ఈస్టర్ ముందు వచ్చే క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే ముందు రోజు జరిగే పండగ. ఆ పండగ లోపల ఒక్క ప్రోగ్రామైనా వాయించగలమా అని ఇన్నాళ్లూ పడిన టెన్షన్ నిన్నటితో తీరింది. తీర్చింది మీరు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను, అయినా తనివి తీరక ఇక్కడ రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. విజయనగరం, హైదరాబాద్, హ్యూస్టన్, డాలస్‌ల నుంచి సాయం పంపిన వాళ్లలో చాలామందికి మేం వాయించే కేజన్ సంగీతం అంటే ఏమిటో తెలియదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఫ్రెంచి సంతతి వాళ్ల సంగీతం అది. "నువ్వు అడిగావు, ఇచ్చాం" అన్నారంతే. మీరు దేన్ని నిలబెట్టారో మీకు తెలియాలి.

సంగతి వినని వాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఈ 2025 జనవరి 21న దక్షిణ లూసియానాలో మంచు తుఫాను వచ్చింది. వాతావరణ శాఖ ఈ ప్రాంతానికి బ్లిజార్డ్ హెచ్చరిక ఇవ్వడం అదే మొదటిసారి. మా లఫాయెట్‌లో జానెడు మంచు పడింది. ఇక్కడి నీళ్ల పైపులు అంత చలికి తట్టుకునేలా వేసినవి కావు. మేం సామాన్లు పెట్టుకునే గది పైకప్పులో పైపు గడ్డకట్టి పగిలింది. మంచు కరిగాక తలుపు తీస్తే అకార్డియన్, నా ఫిడేలు, ఆంప్లిఫయర్లు, డ్రమ్ములు అన్నీ నీళ్లలో నానుతున్నాయి.

మొదటి దండం మేం వాయించే పబ్ ఓనరమ్మకి. విషయం తెలిసిన గంటలోపే పబ్ తలుపులు తీసి, పూల్ టేబుల్ మీద దుప్పట్లు పరిచి, ఫ్యాన్లన్నీ తిప్పి, "అన్నీ తెచ్చి ఇక్కడ పరచండి" అంది. ఆ రోజు ఆవిడ వ్యాపారం చేయలేదు. ఆ టేబుల్ మళ్లీ ఆటకి పనికొస్తుందో లేదో కూడా అడగలేదు.

అకార్డియన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కేజన్ సంగీతానికి ప్రాణం అదే. మన హార్మోనియంలా గాలితో రీడ్లు పలికే వాయిద్యమే, కానీ చాలా చిన్నది. కుడిచేతికి ఒకే వరసలో పది మీటలు. ఒక్కో మీట తిత్తిని లోపలికి నొక్కితే ఒక స్వరం, బయటికి లాగితే ఇంకో స్వరం పలుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇవి జర్మనీ నుంచి వచ్చేవి. యుద్ధంతో రావడం ఆగిపోయింది. ఆ తర్వాత లూసియానా వాళ్లే ఇంటి వెనక షెడ్లలో తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. యూనిస్ ఊళ్లో మార్క్ సవాయ్ 1966లో పెట్టిన షాపు ఇప్పటికీ ఉంది. శనివారం పొద్దున అక్కడ ఎవరి వాయిద్యం వాళ్లు తెచ్చుకుని కూర్చుని వాయిస్తారు. మా బ్యాండ్‌లో వాయించే ఆయన అకార్డియన్ కూడా అలా ఇక్కడ పుట్టిందే. కొత్తది కావాలంటే తయారీదారుల దగ్గర వరసలో ఆగాలి.

అందుకే యూనిస్ వైపు ఒక పల్లెలో ఉండే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పేరు రాయొద్దన్నారు. తడిసిన అకార్డియన్ని ఆయన విప్పడం పక్కనే కూర్చుని చూశాను. తిత్తి అట్ట ఉబ్బిపోయి మడతల దగ్గర తోలు ఊడి ఉంది. రీడ్లను ఒక్కొక్కటిగా తీసి, తుప్పు తుడిచి, మైనం కరిగించి మళ్లీ అతికించారు. తర్వాత శ్రుతి. రీడు కింద సన్నటి రేకు దూర్చి, కొన దగ్గర ఒక్క గీత గీకితే స్వరం పైకి వెళ్తుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. ఒక్క గీత గీకడం, తిత్తి లాగి వినడం, మళ్లీ ఇంకో గీత. ఒకే స్వరానికి కలిసి పలికే రీడ్ల మధ్య వణుకు పోయేదాకా ఆయన తల ఎత్తలేదు. రీడ్ల ఖరీదు మాత్రం తీసుకున్నారు. చేతి కూలి మాట ఎత్తితే వినిపించుకోలేదు. మీ చేతికి శతకోటి వందనాలు తాతగారూ.

ఇక నా ఫిడేలు. అది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోట, నేను చదువుకున్నప్పటిది. నీళ్లకి బంక కరిగి పై చెక్క ఒక పక్క లేచిపోయింది. ఏడుస్తూ మా మాస్టారికి ఫోన్ చేశాను. ఇండియాలో అర్ధరాత్రి. "కంగారు పడకమ్మా. తీగలు వదులు చెయ్యి. ఎండలో పెట్టకు, హీటర్ దగ్గర అసలే పెట్టకు. బంక ఊడితే మళ్లీ అతుకుతుంది, చెక్క చీలితేనే కష్టం" అన్నారు. ఫిడేళ్లని జంతువుల తోలు కాచి తీసిన బంకతో అతికిస్తారు. తడికి అది వదిలేస్తుంది, కాబట్టే చెక్క పగలకుండా బతికింది. మాస్టారు చెప్పినట్టే చేశాను. ఇప్పుడది ఒక మంచి పనివాడి చేతిలో ఉంది, బాగవుతుంది. మాస్టారూ, ఆ రాత్రి మీరు ఫోన్ ఎత్తకపోతే నేను దాన్ని హీటర్ ముందు పెట్టేదాన్ని.

అది బాగయ్యేలోపు ఏం వాయించాలి? హ్యూస్టన్ అక్క తన కూతురి వయొలిన్ కార్లో పెట్టుకుని, ఐ-10 మీద మూడున్నర గంటలు నడుపుకుంటూ వచ్చి ఇచ్చి వెళ్లింది. భోజనానికి కూడా ఆగలేదు. అక్కా, పాప కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న వాయిద్యం అది. దాని మీద ఇప్పుడు రెండు స్టెప్పుల డాన్సు పాటలు మోగుతున్నాయని పాపకి చెప్పు. తీగలు మాత్రం ఒక స్వరం కిందికి దించాను. సీ (C) శ్రుతి అకార్డియన్‌తో కలవడానికి ఇక్కడి ఫిడేలు వాళ్లు అలాగే దించుకుంటారు. తిరిగిచ్చేటప్పుడు కొత్త తీగలు వేసి ఇస్తాను.

కేజన్లు అంటే ఎవరో కూడా చెప్తాను. కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి 1755లో బ్రిటిష్ వాళ్లు వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి వాళ్లు. చెట్టుకొకరు పుట్టకొకరు అయి, కొందరు చివరికి లూసియానా చేరారు. ఇక్కడ వరి చేలున్నాయి, ఆ చేలలోనే నీళ్లు నిలిపి రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతారు. కోనసీమ వాళ్లెవరైనా వస్తే నాలాగే ఇల్లు గుర్తొచ్చి కాసేపు నిలబడిపోతారు. 1921లో రాష్ట్ర రాజ్యాంగం బడిలో ఇంగ్లిష్ తప్ప ఇంకో భాషలో పాఠం ఉండకూడదంది. మా అకార్డియన్ ఆయన వాళ్ల నాయనమ్మ బడిలో ఫ్రెంచి మాట్లాడినందుకు దెబ్బలు తిన్నావిడ. ఆయన తరానికి ఇంట్లో భాష రాలేదు, పాటల్లో వచ్చింది. ఆయన ఫ్రెంచి నేర్చుకున్నది పాటల నుంచే.

"మీరు వాయించేది అసలు కేజనేనా, రాక్ అంటున్నావు, బ్లూస్ అంటున్నావు" అని ఒక స్నేహితురాలు అడిగింది. మంచి ప్రశ్న. రాక్ జోరూ, నల్లజాతి అమెరికన్ల పాటల పద్ధతి అయిన బ్లూసూ రెండూ మా వాయింపులో ఉంటాయి. ఈ సంగీతం ఎప్పుడూ మడి కట్టుకుని కూర్చోలేదు. కేజన్ పాట మొదటిసారి రికార్డయింది 1928లో, జో ఫాల్కన్, క్లియోమా బ్రో వాయించింది. ఆ మరుసటి ఏడే అమెదే ఆర్డ్వాన్ అనే నల్లజాతి క్రియోల్ (ఫ్రెంచి మాట్లాడే ఇక్కడి నల్లవాళ్లు) అకార్డియన్ విద్వాంసుడు, డెనిస్ మెగీ అనే తెల్లజాతి ఫిడేలు ఆయన కలిసి రికార్డు చేశారు. ఆర్డ్వాన్ గొంతులో, మీటల్లో బ్లూస్ నిండి ఉంది. అంటే బ్లూస్ బయటి నుంచి మేం తెచ్చి కలిపింది కాదు. తర్వాత క్లిఫ్టన్ షెనియే అదే నేల నుంచి జైడికోని, అంటే ఆ క్రియోల్ వాళ్ల అకార్డియన్ డాన్సు సంగీతాన్ని, పెంచాడు. క్రౌలీ ఊరి వేన్ టూప్స్ అకార్డియన్‌కి రాక్ జోరు తెచ్చాడు. మేం వాళ్ల దారిలో నడుస్తున్న చిన్న పబ్ బ్యాండ్.

సంగీతం తెలిసిన వాళ్లకి ఒక్క మాట. సీ అకార్డియన్ని సీ నుంచి వాయిస్తే అది మన శంకరాభరణం. అదే వాయిద్యం మీద పంచమాన్ని షడ్జం చేసుకుని జీ నుంచి వాయిస్తే హరికాంభోజి వస్తుంది, అంటే కైశికి నిషాదం దొరుకుతుంది. మనం చేసే గ్రహభేదమే. బ్లూస్ పాటలకి మా బ్యాండ్ అకార్డియన్ ఆయన ఆ దారే పడతాడు. గాంధారం మాత్రం ఆ మీటల్లో బ్లూస్‌కి కావలసినంత వంగదు. ఆ వంపు నా ఫిడేలు ఇస్తుంది. కాలేజీలో మాస్టారు గంటల తరబడి సాధన చేయించిన జారు నాకు ఇక్కడ రోజూ పనికొస్తోంది.

లఫాయెట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మిమ్మల్ని ఎలా మరిచిపోతాను? తడిసిన స్పీకర్లు, ఆంప్లిఫయర్లు భుజాల మీద మోసింది మీరే. ఎక్కడా కరెంటు పెట్టకుండా, ముందు విప్పి ఆరబెట్టి, ప్రతి బోర్డునీ బ్రష్‌తో తుడిచిన ఈసీఈ తమ్ముడు లేకపోతే ఆ రెండు ఆంప్లిఫయర్లు కాలిపోయేవి. నీకో కథ చెప్పాలి తమ్ముడూ. 1930లలో హ్యాక్‌బెర్రీ రాంబ్లర్స్ అనే బ్యాండ్ ఇక్కడి డాన్సు హాళ్లలో మైకు పెట్టింది. చాలా హాళ్లలో కరెంటే లేదు. ఫిడేలు వాయించే లూడెరిన్ డార్బోన్ తన మోడల్ టీ ఫోర్డు కారు ఇంజను ఆన్ చేసి ఉంచి, దాని నుంచి కరెంటు తీసుకున్నాడు. కేజన్ పాటకి కరెంటు తగిలించిన వాళ్లలో మొదటివాళ్లు వాళ్లే. నువ్వు మరమ్మతు చేసిన ఆంప్లిఫయర్ ఆ వరసలోదే.

పోయిన వారం సహాయం కోసం పెట్టిన డాన్సు రోజున గంబో (ఇక్కడి చిక్కటి పులుసు) గిన్నె పక్కనే బిర్యానీ గిన్నె పెట్టి అమ్మింది కూడా మీరే. రెండూ ఖాళీ అయ్యాయి. బిర్యానీ ముందు అయిపోయింది.

డబ్బు లెక్క చెప్పడం నా ధర్మం. మీరు పంపింది బేస్ ఆంప్లిఫయర్‌కి, డ్రమ్ముల తోళ్లకి, మైకులకి, కేబుళ్లకి, నా ఫిడేలు మరమ్మతుకి సరిపోయింది. మిగిలింది అదే గదిలో సామాన్లు పెట్టుకుని నష్టపోయిన ఇంకో బ్యాండ్ కుర్రాళ్లకి ఇచ్చాం. బిల్లులన్నీ నా దగ్గర ఉన్నాయి, అడిగిన వాళ్లకి పంపుతాను. కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వంద రూపాయలు వేసిన వాళ్ల పేర్లు కూడా రాసి పెట్టుకున్నాను.

నిన్న రాత్రి మొదటి పాట వాల్ట్‌జ్. తిత్తి తెరుచుకుని మొదటి స్వరం రాగానే ముసలి జంటలు లేచి మధ్యలోకి వచ్చేశారు. రెండో పాటకి డ్రమ్ము, గిటారు అందుకుని రాక్ పట్టేసరికి ఎమ్మెస్ పిల్లలు కూడా దిగారు. ఎనభై ఏళ్ల ఒకావిడ మా ఈసీఈ తమ్ముడి చెయ్యి పట్టుకుని అడుగులు ఎలా వేయాలో నేర్పింది. పాత రోజుల్లో మార్డీ గ్రా దాటితే ఈస్టర్ దాకా ఇక్కడ డాన్సులు ఉండేవి కావట. అందుకే ఈ ఆఖరి శనివారం అంటే జనానికి అంత మోజు. అది మా చేతుల్లోంచి జారిపోకుండా కాపాడారు మీరు.

మీలో ఎవరు లఫాయెట్ వచ్చినా మా ఇంట్లో దిగండి. ఏప్రిల్ చివర్లో ఫెస్టివల్ ఇంటర్నేషనల్ జరుగుతుంది, ఊరంతా స్టేజీలే, టికెట్ లేదు. అప్పుడైతే ఇంకా మంచిది. రెండు స్టెప్పుల డాన్సు నేర్పడానికి మా పబ్‌లో చాలామంది పెద్దవాళ్లు కాచుకుని ఉన్నారు, మీ గురించి ఇప్పటికే అడుగుతున్నారు. వచ్చే ముందు ఒక్క మెసేజ్ పెట్టండి, ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను.