శాంతి ప్రదర్శన జమా ఖర్చులు, 12వ ప్యానెల్ గురించి కమిటీ వివరణ

సభ్యులకు, దాతలకు నమస్కారం. శాంతి కోసం పాటుపడిన మనుషుల గురించి మేం పెట్టిన ఫోటో ప్యానెళ్ల ప్రదర్శన అయిన పదిహేను రోజుల్లో లెక్కలు పెడతామని చెప్పి రెండు నెలలు చేశాం. తప్పు మాదే. ఫోటోల అనుమతికి కట్టిన డబ్బు తాలూకు ఆఖరి రసీదు పోయిన వారమే చేతికొచ్చింది. ఈలోగా "ఒకే ప్యానెల్‌ని మూడుసార్లు ప్రింట్ చేయించారట, డబ్బు ఎవరిదనుకున్నారు?" అన్న మాట తిరిగి తిరిగి మా దాకా వచ్చింది. దానికి కూడా ఇక్కడే జవాబు చెబుతున్నాం.

జమ: సభ్యుల చందా 62 మంది, తలా వెయ్యి, 62,000. విరాళాలు 48,500. హాలు గుమ్మం దగ్గర పెట్టిన హుండీలో 11,340. మొత్తం 1,21,840 రూపాయలు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా పేరు చెప్పకుండా కవరు పెట్టి వెళ్లిన పెద్దాయనకి, కృతజ్ఞతలు.

రావలసినవి: తొమ్మిది మంది తలా మూడు వేలు ఇస్తామని రాశారు, అంటే 27,000. ఇంకా రాలేదు. పేర్లు వేయడం మర్యాద కాదు కాబట్టి వేయడం లేదు. లెక్కలు గట్టిగా అడిగినవారిలో ఇద్దరు ఈ తొమ్మిది మందిలో వారే. అడగడం వారి హక్కు, కాదనం.

ఖర్చు: హాలు అద్దె మూడు రోజులకు 24,000. ప్యానెళ్లు 24, ఒక్కోటి 1,450 చొప్పున 34,800. స్టాండ్ల అద్దె 9,600. ఫోటోల అనుమతులు 13,500. డీటీపీ, ప్రూఫు 8,000. వక్తల ప్రయాణాలు 16,200. వాలంటీర్ల ఖర్చులు 3,780. ఇక్కడి దాకా ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా మిగిలిన 5,450 మీదే.

12వ ప్యానెల్ మయన్మార్‌లో ప్రజాస్వామ్యం కోసం పోరాడిన ఆంగ్ సాన్ సూకీది. మొదట వేసిన దాంట్లో 1991 నోబెల్ శాంతి బహుమతి, దాదాపు పదిహేనేళ్ల గృహనిర్బంధం, అంతే ఉన్నాయి. మొదటి రోజు సాయంత్రం అభిప్రాయాల పుస్తకంలో ఎవరో పచ్చ ఇంకుతో ఒకే ఒక వాక్యం రాశారు: "ఈ ఫోటో కింద సగం కథే ఉంది." ఆ పేజీ పట్టుకుని రాత్రి పదింటికి ఖాళీ హాల్లో కూర్చున్నాం. రాసినాయన మాట నిజం. 2017 ఆగస్టు తర్వాత సైన్యం దాడులకు తాళలేక ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు, అంటే అక్కడి ముస్లిం మైనారిటీ ప్రజలు, మయన్మార్ వదిలి బంగ్లాదేశ్‌కి పారిపోయారు. అప్పుడు ప్రభుత్వాన్ని నడిపిస్తున్నది ఆవిడే. తానిచ్చిన పురస్కారాన్ని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2018 నవంబరులో వెనక్కి తీసుకుంది. 2019 డిసెంబరులో ఆవిడ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, రోహింగ్యాల మారణహోమం ఆరోపణల కేసులో తన దేశం తరఫున వాదించారు.

తీసేద్దామని ముగ్గురం, ఉంచుదామని ఇద్దరం. తీసేశాం. ఆ ఖాళీలో మందుపాతరల నిషేధ ఉద్యమం మీద ప్యానెల్ రాత్రికి రాత్రి ప్రింట్ చేయించాం. 1997లో నోబెల్ బహుమతిని ఆ ఉద్యమం, దాని సమన్వయకర్త జోడీ విలియమ్స్ కలిసి అందుకున్నారు, ఆ ఏడాది డిసెంబరులోనే కెనడాలోని ఒట్టావాలో నిషేధ ఒప్పందం మీద సంతకాలు మొదలయ్యాయి. మంచి ప్యానెలే. ఇది రెండో ప్రింటు, 1,450. కాబట్టి "ఒకే ప్యానెల్ మూడుసార్లు" అన్నది అక్షరాలా నిజం కాదు.

తీసేసిన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక స్టేజీ పక్కన గోడవైపు తిప్పి ఆనించాం. రెండో రోజు ఒక స్కూలు పాప వెనక్కి దూరి చూసి వచ్చి, "ఈ ఆంటీ ఏం తప్పు చేసింది, గోడకి తిప్పారు?" అని అందరి ముందూ అడిగింది. మా దగ్గర జవాబు లేదు. అంతలో మా కమిటీలోనే ఒకరు 5వ ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. అది భూదానం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన సంగతితో పాటు, తర్వాత దేశమంతా దానం వచ్చిన భూమిలో చాలా భాగం సాగుకి పనికిరానిదనీ, పేదలకు చేరనిదీ చాలా ఉందనీ మేమే రాశాం. "అక్కడ రాసిన చెయ్యి ఇక్కడెందుకు ఆగింది?" అన్నారాయన. ముగ్గురిలో ఒకరం అక్కడే మనసు మార్చుకున్నాం.

అలా మూడో ప్రింటు వచ్చింది. నిర్బంధం ఒక సగంలో, రోహింగ్యాలు, హేగ్ రెండో సగంలో, అడుగున 2021 ఫిబ్రవరి 1న సైన్యం తిరగబడి ఆవిడని మళ్లీ బంధించిన సంగతి. రెండు సగాలూ పట్టాలి కాబట్టి డబుల్ సైజు, 2,900. అర్జెంటు కాబట్టి రాత్రి రవాణా, బిగింపు కూలి 1,100. ముందే సరిగ్గా రాసి ఉంటే ఈ ఖర్చులో చాలా భాగం తప్పేది, ఒప్పుకుంటున్నాం. కానీ వృథా అంటే మాత్రం ఒప్పుకోం. ఆశ కలిగించే మనుషుల్ని చూపిస్తామని డబ్బులడిగాం. మచ్చలేని వాళ్లని మాత్రమే చూపిస్తామని ఎక్కడా అనలేదు. అలా వడకడితే 24 స్టాండ్లు అద్దెకి తేవలసిన పనే ఉండేది కాదు.

జనం ఎక్కువసేపు నిలబడ్డది ఎక్కడో కూడా చెప్పాలి. పెద్ద పేర్ల దగ్గర కాదు, లైబీరియా ఆడవాళ్ల దగ్గర. 2003లో తమ దేశంలో అంతర్యుద్ధం ఆపమని తెల్లబట్టలు కట్టుకుని చేపల మార్కెట్ పక్కన ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చున్నారు. ఘనా దేశంలో జరుగుతున్న శాంతి చర్చలు సాగడం లేదని అక్కడికి వెళ్లి, ఒప్పందం తేలేదాకా ఎవర్నీ బయటికి పోనివ్వమని చర్చల హాలు తలుపులకి అడ్డంగా బైఠాయించారు. ఆ ఆగస్టులోనే ఒప్పందం కుదిరింది. వాళ్లని నడిపించిన లేమా గ్బోవీకి 2011లో నోబెల్ వచ్చింది. ఫోటోల్లో తెల్లబట్టల గుంపులో ఆవిడ ఎవరో గుర్తుపట్టడానికి జనం వంగి వంగి వెతికారు. "మనవాళ్లు లేరా?" అన్నవారికి 19, 20 ప్యానెళ్లు చూపించాం: బడిబయటి పిల్లల కోసం పనిచేసిన శాంతా సిన్హా, 2003 మెగసెసే అవార్డు, పాకీ పని నిర్మూలన కోసం పోరాడిన బెజవాడ విల్సన్, 2016 మెగసెసే.

మొత్తం ఖర్చు 1,15,330. మిగులు 6,510. అందులో బ్యాంకులో 6,000, కోశాధికారి చేతిలో 510. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూడొచ్చు. పచ్చ ఇంకు పేజీ కూడా అదే ఫైల్లో పెట్టాం. 27,000 వస్తే ప్యానెళ్లకి చెక్క పెట్టెలు చేయిస్తాం. అప్పటిదాకా అవి పాత దుప్పట్లలోనే ఉంటాయి. స్కూళ్లకి, కాలేజీలకి ఉచితంగా ఇస్తాం, తెచ్చి అప్పగించే బాధ్యత తీసుకున్నవారిది. 12వది మాత్రం ఒక్కరు మోయలేరు, ఇద్దరు రండి.

ఇట్లు,
ప్రదర్శన కమిటీ