నమూనా మీదనే రంగు కొట్టి పంపారు

హన్మకొండ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంజిన్ పెయింట్ కోసం పంపిన నమూనాను పాడుచేయడం, అడగని రంగు పంపడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

వరంగల్‌లోని మీ డీలర్ దగ్గర గ్రే రంగు ఇంజిన్ ఎనామెల్ రెండు లీటర్లు ఆర్డర్ ఇచ్చాను. పెయింటుకు 2,860 రూపాయలు, నమూనా చూసి రంగు కలిపినందుకు 500, మొత్తం 3,360 ముందే కట్టాను. పదహారు రోజులకు వచ్చిన డబ్బాల్లో ఆలివ్ గ్రీన్ ఉంది. అదొక్కటే అయితే డబ్బాలు వాపస్ చేసి ఊరుకునేవాణ్ని. కానీ రంగు పోల్చుకోవడానికి నేను పంపిన పాత టైమింగ్ కవరుకు, అంటే ఇంజిన్ ముందుభాగాన్ని కప్పే మూతకు కూడా మీవాళ్లు అదే ఆకుపచ్చ కొట్టి పంపారు. నా బాధంతా దాని గురించే.

అది మా తాత సికింద్రాబాద్‌లో మిలిటరీ వేలంలో కొన్న జీపుది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఫోర్డ్ కంపెనీ తయారుచేసిన జీపీడబ్ల్యూ రకం. సైన్యం లెక్కల్లో దాని పేరు జీపు కాదు, క్వార్టర్ టన్ను ట్రక్కు. మా బాపు దాన్ని ముప్పై ఏళ్లు నడిపాడు. వెనక సీట్ల నడుమ బెల్లం ముద్దలు పెట్టుకొని మేం మేడారం జాతరకు పోయింది అందులోనే. బాపు పోయాక పన్నెండేళ్లు కొట్టంలో పడి ఉంది. ఫ్యాక్టరీ నుంచి ఎట్లా వచ్చిందో మళ్లీ అట్లాగే చేద్దామని రెండేళ్ల నుంచి పని పెట్టుకున్నాను.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి, "మిలిటరీ బండికి ఆలివ్ గ్రీనే కదా సార్ వేస్తారు, అందుకే మావాళ్లు మార్చి ఉంటారు" అంది. మర్యాదగానే మాట్లాడింది, ఆమెను తప్పు పట్టను. కానీ ఆ మాట బాడీకి చెల్లుతుంది, ఇంజిన్‌కు కాదు. ఈ జీపులను విల్లీస్, ఫోర్డ్ అని రెండు కంపెనీలు చేశాయి. రెండింటిలోనూ ఇంజిన్ డిజైన్ ఒక్కటే: నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు, 60 హార్స్ పవర్. రంగులు మాత్రం వేరు. విల్లీస్ ఇంజిన్ ఆకుపచ్చ, ఫోర్డ్ ఇంజిన్ గ్రే. మాది ఫోర్డే. బ్లాకు మీద ఆయిల్ ఫిల్టర్ వెనక కొట్టిన నంబరుకు ముందు జీపీడబ్ల్యూ అనే అక్షరాలు ఉన్నాయి. బోల్టుల తలల మీద ఎఫ్ గుర్తు ఉంది. రేడియేటర్ కింద ఛాసిస్ అడ్డపట్టీ, విల్లీస్‌కు ఉన్నట్టు గుండ్రటి పైపు కాదు, బోర్లించిన యు ఆకారంలో ఉంది.

గ్రే అని తెలిస్తే సరిపోదు, ఏ గ్రే అన్నదే అసలు చిక్కు. నీలం కలిసిన గ్రే ఉంటుంది, ఆకుపచ్చ కలిసినదీ ఉంటుంది. మా ఇంజిన్ మీద పైన సిల్వర్ రంగు, దాని కింద ముదురు ఆకుపచ్చ. ఏ రిపేరుకు ఏ వర్క్‌షాపులో వేశారో తెలియదు. కిరోసిన్‌తో కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, బ్లాకంతా వెతికినా మొదటి రంగు దొరకలేదు. చివరికి ఆటోనగర్ మేస్త్రీ ఇంజిన్ ముందు బెల్టు తిప్పే చక్రం, క్రాంక్ పుల్లీ, ఊడదీసినప్పుడు, దాని వెనక టైమింగ్ కవరు మీద నెలవంక లాగా చిన్న మచ్చ కనిపించింది. బొటనవేలి గోరంత వెడల్పు. తర్వాత రంగు వేసినవాళ్ల బ్రష్ పుల్లీ వెనకకు అందక మిగిలిపోయిన గ్రే అది. ఆ రోజు మేస్త్రీ, నేను ఇద్దరం టార్చి వేసుకొని దాన్నే చూస్తూ కూర్చున్నాం.

ఫోటో పంపితే చాలన్నాడు మీ డీలర్. ఫోన్ ఫోటోలో ట్యూబ్‌లైట్ కింద ఒక గ్రే, ఎండలో ఇంకో గ్రే వస్తుంది, అందుకే కవరే పంపాను. "ఈ మచ్చకే రంగు కలపాలి. తుడవొద్దు, గోకొద్దు" అని అట్టముక్క మీద మార్కర్‌తో రాసి, బోల్టు రంధ్రంలోంచి దారం వేసి కట్టాను. కవరు తిరిగి వచ్చినప్పుడు ఆ అట్ట అట్లాగే కట్టి ఉంది. దాని మీద ఎండిపోయిన ఆకుపచ్చ చుక్క కూడా ఉంది. అంటే ఆ అట్ట చేతికి తగులుతుండగానే రంగు కొట్టారన్నమాట.

ఇంకొకటి. మీ పెయింటును పాత రేకు ముక్కకు పూసి వారం ఆరనిచ్చి, పెట్రోల్ గుడ్డతో తుడిచాను. గుడ్డంతా ఆకుపచ్చ అయింది. కార్బొరేటర్ పక్కన ఉండే ఇంజిన్‌కు పెట్రోల్ తగలకుండా ఉంటుందా? డబ్బా మీద మాత్రం పెట్రోల్, ఆయిల్ తట్టుకుంటుందని ఉంది. రేకు, గుడ్డ, బిల్లు, కవరు పంపకముందు తీసిన ఫోటోలు అన్నీ నా దగ్గర ఉన్నాయి.

నా 3,360 రూపాయలు తిరిగి ఇవ్వండి. అంతకంటే ముఖ్యం, రంగు చదివే మెషిన్‌తో ఆ మచ్చను స్కాన్ చేశారో లేదో చూడండి. చేసి ఉంటే ఆ రీడింగ్ మీ కంప్యూటర్‌లో ఉంటుంది, అది నాకు కావాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కోర్టుల చుట్టూ తిరగాలని నాకేం సరదా లేదు, నాకు కావలసింది ఆ గ్రే.

ఒక్క ప్రశ్నకు మాత్రం 15 రోజులు ఆగకుండా రేపే ఫోన్ చేసి చెప్పండి. రంగు కొట్టే ముందు ఆ కవరును ఎమరీ పేపర్‌తో రుద్దారా, లేక ఉన్నదాని మీదనే స్ప్రే చేశారా? ప్రైమర్ ఏది వాడారు? రుద్దకపోయి ఉంటే మచ్చ ఇంకా కిందనే ఉంటుంది. సరైన థిన్నర్‌తో మెల్లగా పైపొర తీస్తే దొరకొచ్చంటున్నాడు మేస్త్రీ. తప్పు థిన్నర్ పడితే రెండూ కలిసి పోతాయి. ఆ పని చేసినతన్ని అడగండి, అతని మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు, నిజం చెబితే చాలు. అప్పటిదాకా కవరును పాత ధోవతి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను, మేస్త్రీని కూడా ముట్టుకోనివ్వడం లేదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు