వత్తులకు చోటివ్వండి

సంపాదకునికి,

సిరిమానోత్సవం దగ్గరపడేకొద్దీ విజయనగరం గంటస్తంభం చుట్టూ ఫ్లెక్సీలు మొలుస్తాయి. వాటిలో రంగులకు కొరత లేదు. కొరతంతా వరుసకూ వరుసకూ మధ్య చోటుకే. ‘రాష్ట్ర’ కింద ఉన్న వత్తులు తర్వాతి వరుసలోని గుడులను, తలకట్లను తొక్కేస్తుంటాయి. చదవాలంటే ఆగి, కళ్లు చికిలించాలి.

సీసపు అచ్చుల కాలంలో కంపోజిటర్లు వరుసల మధ్య సన్నని సీసపు పట్టీలు పెట్టేవారు. ఆ ఖాళీని నేటికీ ‘లెడింగ్’ అనడం ఆ సీసం వల్లే. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చూసుకుంటుందని డిజైనర్ల ధీమా. అది చూసుకునేది ఇంగ్లిష్ అక్షరాలను! పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్లు ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగుకు ఉండాల్సిన దూరాన్ని సాధారణంగా అక్షరం సైజుకు 120 శాతంగా లెక్కగడతాయి. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్లు. (72 పాయింట్లు ఒక అంగుళం.) పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి రెండు వత్తులు మోసే మన లిపికి అది ఎలా సరిపోతుంది? నా మట్టుకు 18కి తగ్గకూడదు. ఆ అంకె మార్చడానికి పట్టేది ఒక్క క్షణం, అయ్యే ఖర్చు సున్నా.

పెళ్లి శుభలేఖల సంగతి సరేసరి. బంధువుల పేర్లన్నీ ఇరికించాలి కదా, వాళ్లనేమీ అనలేం. కానీ పన్నుల గడువు, నీటి సరఫరా వేళలు తెలిపే ప్రభుత్వ నోటీసులకు ఆ ఇబ్బంది లేదు. ముద్రణకు ఆర్డరు ఇచ్చే అధికారులు నమూనా ప్రతిని ఒకసారి చదివి చూడాలి. మీ పత్రికలో టెండరు ప్రకటనల పేజీకీ ఇదే విన్నపం.

— ఒక పాఠకుడు, విజయనగరం