విమానం గంటే, ప్రయాణం మాత్రం గంట కాదు

సంపాదకులు గారికి,

హైదరాబాద్–విజయవాడ దూరమంటే అందరికీ కనిపించేవి రెండు అంకెలు: గాల్లో 250 కిలోమీటర్లు, రోడ్డు మీద 275. మొదటిది మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత. దాన్ని జెట్ విమానం వేగంతో భాగిస్తే 18 నిమిషాలొస్తుంది, అది ఎందుకూ పనికిరాని లెక్క. ఈ మార్గంలో తిరిగే ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కిలోమీటర్లు కూడా సరిగా దాటదు. రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగడం అన్నీ కలిపితే గంట పైనే.

పైగా ఎక్కేది శంషాబాద్‌లో, దిగేది గన్నవరంలో. అది బెజవాడకు 20 కిలోమీటర్లు. అందుకే గడప నుంచి గడపకు లెక్క వేయాలి. ఎల్బీ నగర్ నుంచి శంషాబాద్‌కు గంట. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి సామాను ఉన్నవాళ్లు గంటన్నర ముందు అక్కడుండాలి. విమానంలో గంటా పది నిమిషాలు, బెల్టు మీద పెట్టె కోసం 20 నిమిషాలు, బెంజి సర్కిల్‌కు ముప్పావుగంట. మొత్తం నాలుగు గంటల ముప్పావు. అదే ఎల్బీ నగర్‌లో కారెక్కితే అప్పటికే 65వ నంబరు హైవే మీద ఉన్నట్టే. సగటున 60 పడినా నాలుగున్నర గంటల్లో బెజవాడ, టీకి ఆగితే ఇంకో పావుగంట. అంటే విమానానికి పెట్టిన డబ్బుకు కలిసొచ్చిన సమయం ఏమీ లేదు.

గచ్చిబౌలి వాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఔటర్ మీదుగా విమానాశ్రయం దగ్గర; కారులో వెళ్లాలంటే ముందు పెద్ద అంబర్‌పేట దాకా చుట్టి రావాలి. ఏడు కిలోల లోపు చేతిసంచీతో, ఇంటి దగ్గరే వెబ్ చెకిన్ చేసుకుని బయల్దేరితే వాళ్లకు గంటకు పైగా ఆదా. కాకపోతే గేటు 20–25 నిమిషాల ముందే మూస్తారని మరవకూడదు.

ఇక సీజన్. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు వద్ద వాహనాలు బారులు తీరతాయి. ఫాస్టాగ్‌లో డబ్బు లేని ఒక్క కారు చాలు, ఆ వరుస మొత్తం ఆగిపోతుంది. చలికాలం పొద్దున గన్నవరంలో పొగమంచు పట్టిందంటే విమానం దిగలేక గాల్లోనే తిరుగుతుంది, ఒక్కోసారి వెనక్కీ మళ్లుతుంది. ఆ నెలల్లో తప్పనిసరి పని ఉంటే మధ్యాహ్నం విమానమే నయం.

వానాకాలం గురించి గట్టిగా చెప్పాలి. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్లొచ్చాయి. 2024 సెప్టెంబరులో మళ్లీ అదే జరిగింది. అలాంటప్పుడు నార్కట్‌పల్లిలోనే కుడికి తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా వెళ్లాలి. సూర్యాపేట, కోదాడ దాటాక తెలిస్తే వెనక్కి రావడానికే గంటలు పోతాయి. మున్నేరు ఉధృతంగా ఉన్న రోజున ఆ వార్తను నార్కట్‌పల్లి చేరకముందే ప్రయాణికులకు చేర్చగలిగేది పత్రికలే. మీ వెబ్ ఎడిషన్‌లో మొదటి పేజీలోనే వేయండి. దూరాల పట్టిక వేసేటప్పుడు కూడా ఏ పేట నుంచి ఏ సర్కిల్‌కో రాసి, ప్రయాణ సమయాన్ని గడప నుంచి గడపకు ఇవ్వండి.

— ఒక పాఠకుడు, ఎల్బీ నగర్