పోల్చడం మీద ఒక పాఠం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో వచ్చే ప్రోగ్రామింగ్ పాఠాలను ఆదివారాలు మా ఇంటికొచ్చే పిల్లల చేత చదివిస్తుంటాను. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్లు. రెండు ఆబ్జెక్టుల్లోని (ప్రోగ్రాంలో ఒక మనిషి వివరాల్లాంటివి కలిపి ఉంచే మూటల్లోని) వివరాలను ఎలా పోల్చాలన్న దానిమీద పూర్తి పాఠం ఒకటి వేయమని నా మనవి.

జావా భాషలో రెండు సమాన గుర్తులు పెడితే రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది, లోపలి విలువలకైతే ఈక్వల్స్ మెథడ్ వాడాలి: పిల్లలందరికీ ఈ జవాబు నోటికి వచ్చు. కానీ మనం రాసుకున్న క్లాసులో (ఆబ్జెక్టులకు అచ్చులాంటి నమూనాలో) ఈక్వల్స్‌ను మనం తిరగరాయకపోతే అదీ సమాన గుర్తులు చేసే పనే చేస్తుంది. రాసి, ఆబ్జెక్టుకు ఒక అంకె ఇచ్చే హ్యాష్‌కోడ్‌ మెథడ్‌ను వదిలేస్తే, ఒక్కొక్కటీ ఒక్కసారే ఉండాల్సిన హ్యాష్‌సెట్‌లోకి ఒకే మనిషి రెండుసార్లు చేరిపోవచ్చు.

రాసే శ్రమ ఇప్పుడు తగ్గిందనుకోండి. పైథాన్‌లో 2018లో 3.7తో డేటాక్లాసులు, జావాలో 2021లో 16తో రికార్డులు వచ్చాయి. అన్ని వివరాలనూ అవే పోల్చిపెడతాయి. నాకు భయం అక్కడే. నేను ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్నాను. పేషెంటు ఇల్లు మారితే చిరునామా మారుతుంది, మనిషి మారడు. పేరూ పుట్టినతేదీ కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకరే అయిపోరు. ఏ వివరాలు చూడాలి, ఏవి వదలాలి అన్నది కౌంటర్లో కూర్చునేవాళ్లను అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. అది ఏ భాషా మనకోసం తేల్చదు.

ఇక తెలుగు పేర్లు. సైదులు అన్న పేరులో ఐత్వాన్ని, అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ దాచవచ్చు, ఎత్వం, దాని కింద మరో గుర్తు అని రెండుగానూ దాచవచ్చు. తెర మీద ఒకేలా కనబడతాయి, ఈక్వల్స్ మాత్రం వేరంటుంది. పోల్చేముందు నార్మలైజ్ చేస్తే, అంటే రెండిటినీ ఒకే రూపానికి తెస్తే, ఇది తీరుతుంది. కిరణ్ చివర పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండిపోతే నార్మలైజ్ చేసినా పోదు, విడిగా తీసెయ్యాలి. మందుల చీటీ వేరేవాళ్ల ఫైలుకు చేరడానికి ఇంతమాత్రం తేడా చాలు.

ఇంకొకటి. అవును, కాదు అనే జవాబుతో మాలాంటివాళ్లకు పని జరగదు. పాత రికార్డుకూ కొత్త రికార్డుకూ ఏ వివరం దగ్గర తేడా వచ్చిందో పేరుపెట్టి చూపించే ప్రోగ్రాం కావాలి. పైథాన్‌లో వార్స్ ఫంక్షన్‌తో రెండు ఆబ్జెక్టుల వివరాలూ డిక్షనరీలుగా (పేరు, విలువ జంటలుగా) తీసి ఒక్కొక్కటే చూడటం, మామూలు క్లాసులకైతే, మొదటి ఏడాది పిల్లలు కూడా చేయగలరు.

పాఠం వేస్తే ఉదాహరణల్లో మన పేర్లే పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పేర్లతో నేర్చుకుంటే ఐత్వం సంగతీ పొల్లు సంగతీ బయటపడవు.

– ఒక టెస్టింగ్ ఉద్యోగిని, మారతహళ్లి, బెంగళూరు