కుండలో నీళ్లుంటాయన్న నమ్మకం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోపగించుకోకు. అమ్మాయి సంబంధం గురించి నువ్వు రాసినదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ కబుర్లు తను విడిగా రాస్తానంది, కాబట్టి నేను వాటి జోలికి పోను. చివర్లో నువ్వు తేలిగ్గా రాసేసిన మాట ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. ‘ఇంటి అప్పు తీరనీ, అప్పుడు పెద్ద ఎత్తున ఏదైనా చేస్తాను. చెంబెడు నీళ్లు పోసినంత మాత్రాన ఎవరి బతుకు మారుతుంది?’ అన్నావు. నన్ను నొప్పించాలని రాయలేదని తెలుసు. కానీ దీనికి జవాబు నోటికొచ్చినట్టు రాయకూడదని ఇన్నాళ్లూ ఆగాను.

మా వీధరుగు మీద చలివేంద్రం పెట్టడం మొదలుపెట్టి ఇది అయిదో వేసవి. ఉన్నవి మూడు కుండలే. ఇసుక పోసి, దాని మీద కుండలు కూర్చోబెట్టి, చుట్టూ తడి గోనెపట్టా కడతాను. కుండ చెమర్చి, ఆ చెమ్మ గాలికి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. నీళ్లు చల్లబడేది అందుకే. మన కోనసీమలో గాలి కదలక ఉక్కపోసే రోజున చెమ్మ ఆరదు, ఎంత తడిపినా నీళ్లు అంతగా చల్లబడవు. తెల్లవారగానే కొబ్బరిపీచుతో కుండలు కడగాలి, సబ్బు మాత్రం తగలనివ్వకూడదు, మట్టి ఆ వాసన పీల్చేసుకుంటుంది. ఎవరూ లోపల చెయ్యి పెట్టకుండా పొడుగు కాడ గరిటె ఒకటి వేలాడదీశాను. మొత్తం పని అరగంట.

కిందటి ఏడు మే నెలలో బంధువుల పెళ్లికి కాకినాడ వెళ్లాం. రెండు రోజులే కదా అని పక్కింటివాళ్లకు చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆటో దిగుతుంటే మా అరుగు దగ్గర ఒక ముసలావిడ కనిపించింది. కూరగాయల గంప కింద దించి, చీర చెంగు తలమీదికి లాక్కుని, కుండ మూత తీసింది. గరిటె లోపలికి దించితే అడుగున టక్కుమని తగిలింది. రెండో కుండా అంతే. మూడోదీ అంతే. ఆవిడ ఏమీ అనలేదు. తీసిన మూతలన్నీ తిరిగి సరిగ్గా పెట్టి, గ్లాసు ఎప్పటిలాగే బోర్లించింది. నన్ను చూసి, “ఇక్కడ ఉంటాయి కదా అని సెంటరులో తాగకుండా వచ్చేశాను బాబూ” అంది. గొంతులో నిష్ఠూరం లేదు. లోపలి నుంచి నీళ్లు తెచ్చి ఇచ్చాననుకో. కానీ ఆ మాట ఈ రోజుకీ గుచ్చుకుంటూనే ఉంది. ఆవిడ నా కుండను నమ్ముకుని ఆ ఎండలో అంత దూరం నడిచి వచ్చింది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది డొక్కా సీతమ్మగారి కథ. చిన్నప్పుడు మనం విన్నదే, కానీ అసలు అర్థం నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ 1841లో పుట్టి 1909 దాకా ఉన్నారు. పుట్టిల్లు మండపేట, మెట్టినిల్లు మన కోనసీమలోని లంకల గన్నవరం. గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఊరు. ఆ రోజుల్లో లంకల్లో ప్రయాణమంటే చాలావరకు కాలినడక, పడవ. ఏ వేళకు రేవు దాటుతారో, ఏ వేళకు ఆకలేస్తుందో ఎవరికి తెలుసు? కులం, వేళ చూడకుండా వచ్చినవాళ్లందరికీ ఆవిడ వండి పెట్టారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్లివారి గుంపు, ఆకలికి ఏడుస్తున్న పిల్లలు. ‘కాసేపు ఓర్చుకోండి, గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మగారి ఇంట్లో అన్నం తిందాం’ అని పెద్దవాళ్లు సముదాయించడం ఆవిడ చెవిన పడింది. అంతే, పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్ల కంటే ముందు ఇంటికి చేరి పొయ్యి వెలిగించారని చెబుతారు.

ఆ పిల్లల ఏడుపు ఆపింది అన్నం కాదురా, అప్పటికింకా ఎసరు కూడా పెట్టలేదు. ముందొక ఇల్లుందన్న నమ్మకం ఆపింది. గన్నవరం దగ్గర నది మీదుగా కాలువను దాటించే అక్విడక్టుకూ, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరు పెట్టారు, సంతోషమే. నాకు మాత్రం ఆవిడ పేరు తలచినప్పుడల్లా వెనక్కి తిరిగిన ఆ పల్లకి కనిపిస్తుంది.

ఇంకో మాట. ఇన్నేళ్లలో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంటర్ రెండో ఏడు మా నాన్నకు పని లేని రోజుల్లో, నేను సాయంత్రం లెక్కల పుస్తకం పట్టుకుని మీ ఇంటికి వచ్చేవాణ్ణి, గుర్తుందా? లెక్కలు ఒక సాకు. మీ అమ్మగారు ఒక్కనాడూ ‘తిన్నావా?’ అని అడగలేదు. అడిగి ఉంటే తిన్నానని అబద్ధం చెప్పేవాణ్ణి. ‘ఇద్దరూ కాళ్లు కడుక్కుని రండి’ అనేవారు, అంతే. రెండు కంచాలు పీటల ముందు అప్పటికే ఉండేవి. చారు, కందిపచ్చడి, ఒక్కోరోజు మజ్జిగలో నీళ్లే ఎక్కువ. మీ ఇంట్లోనూ ఇబ్బందులున్నాయని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. మీ నాన్నగారు చేసిన అప్పు తీరాక పెడదామని ఆవిడ అనుకుని ఉంటే నేను ఆ పరీక్ష రాసేవాణ్ణి కాదు. ఎవరి బతుకు మారుతుందని అడిగావు కదా.

నిన్ను తప్పుపట్టాలని కాదు ఇదంతా. ఆ కంచాలు చూస్తూ పెరిగినవాడివి, నీ చేతి నుంచి ఆ మాట రావడం నాకు బాధ కలిగించింది, అందుకే దాచుకోకుండా రాశాను.

వచ్చే నెల సంబంధం మాట్లాడటానికి ఇటు వస్తానన్నావు కదా. బేగంబజారు వైపు వెళితే మంచి వట్టివేరు ఒక కట్ట తీసుకురా. కుండల్లో వేస్తే నీళ్లకు కమ్మని వాసన వస్తుంది. పోయినసారి తెచ్చింది అయిపోయింది, ఆ ముసలావిడ రెండుసార్లు అడిగింది.

నీ నేస్తం